పీస్ నదిలో సొరచేప పన్ను దొరికేదాకా

మా పాపకి తొమ్మిదేళ్ళు. స్కూల్లో ఎవరో శిలాజంగా మారి నల్లబడ్డ సొరచేప పన్ను తెచ్చి చూపించారట, ఆ రోజు నుంచి ఇంట్లో అదే మాట. మేముండేది ఫ్లోరిడాలోని టాంపాలో. కారులో గంటన్నర పైన వెళ్తే ఆర్కేడియా అనే ఊరు, దాని పక్కనే పారే పీస్ నదిలో అలాంటి పళ్ళు దొరుకుతాయి. ఒక శనివారంలో అయిపోయే పని అనుకున్నాను. ఏడు నెలలు పట్టింది.

ముందు పర్మిట్ సంగతి. ఫ్లోరిడాలో నది అడుగు ప్రభుత్వానిది. అక్కడ వెన్నెముక ఉన్న జంతువుల శిలాజాలు ఏరుకోవాలంటే గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా నేచురల్ హిస్టరీ మ్యూజియం ఇచ్చే పర్మిట్ ఉండాలి. ఏడాదికి 5 డాలర్లు. సొరచేప పళ్ళకు మాత్రం ఈ నిబంధన వర్తించదు. మరి మనకెందుకు అనిపిస్తుంది. కానీ జల్లెడలోకి పన్నే రావాలని మనం నదికి చెప్పలేం కదా. అదే గులకల్లో మామత్ అనే అంతరించిన ఏనుగు జాతి పంటి ముక్క రావచ్చు, సముద్రపు ఆవు అనే నీటి జంతువు ఎముక రావచ్చు. అందుకే తీసుకున్నాను, ఎవరు వెళ్ళినా తీసుకోమనే చెబుతాను.

మొదటిసారి సెప్టెంబర్‌లో వెళ్ళాం. అదే నేను చేసిన తప్పు. అక్కడ ఎండాకాలమంతా వానలే. నది ఒడ్డు దాకా నిండి, టీ డికాషన్ రంగులో ఉరకలేస్తోంది. కారు దిగకుండానే వెనక్కి తిరిగాం. దారి పొడుగునా పాప మాట్లాడలేదు. చలికాలం నుంచి మే దాకా నీళ్ళు తక్కువగా ఉంటాయి, నది మట్టం ఎంతుందో అమెరికా భూవిజ్ఞాన సర్వే వాళ్ళు రోజూ నెట్‌లో పెడతారు. ఇవి ముందే చూసుకుని ఉంటే పిల్లని అంత నిరాశపెట్టేవాణ్ణి కాదు.

రెండోసారి జనవరిలో. నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. చెక్క చట్రానికి పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ కొట్టి జల్లెడ చేసుకున్నాను. ఐదు గంటలు తవ్వితే ఇసుక, ఇసుక, ఇంకా ఇసుక. పక్కన జల్లిస్తున్న ఒక పెద్దాయన చూసి, ఇనుప ఊచతో అడుగున పొడిచి చూడమన్నాడు. మెత్తగా దిగితే ఇసుక, కరకరమంటే కింద గులక ఉన్నట్టు. పళ్ళు బరువైనవి కాబట్టి గులకతోపాటే అడుగున చేరతాయి. ఆ మాట వినేసరికి సాయంత్రమైపోయింది.

మూడోసారి వెళ్ళేసరికి తెనాలి నుంచి అమ్మ వచ్చి ఉంది. మొసళ్ళుంటాయని విని రానంది. మనుషుల అలికిడికి అవి దూరంగానే ఉంటాయని, నీళ్ళలోకి నేనొక్కణ్ణే దిగుతానని ఒప్పించాను. ఊచ కరకరమన్న చోట పారతో ఎత్తి, జల్లించి, మిగిలిన గులకని ఒడ్డున పరిచిన టార్పాలిన్ మీద పోస్తూ పోయాను. పాప ఆత్రంగా కెలుకుతోంది. అమ్మ పట్టించుకోలేదు. గుప్పెడు గులక తీసి పళ్ళెంలో పలచగా పరిచి, బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు వేలి కొసతో ఒక్కోటీ పక్కకి జరపడం మొదలుపెట్టింది.

పది నిమిషాలు కాలేదు. "ఒరేయ్ నాన్నా, ఇదేదో నున్నగా ఉంది చూడు" అంది.

బొటనవేలి గోరంత ఉంది. నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. పైన వేరు భాగం మాత్రం గరుగ్గా, బూడిద రంగులో ఉంది. కొస ఒక పక్కకి వంగి ఉంది, అంచులకి పెద్ద పెద్ద రంపపు గాట్లున్నాయి, కొస దగ్గరికొచ్చేసరికి గాట్లు ఆగిపోయి నున్నగా అయింది. ఆ గుర్తుతోనే ఇది హెమిప్రిస్టిస్ సెర్రా అనే, ఇప్పుడు లేని సొర జాతిదని తెలుసుకున్నాను. అందరూ కలలుగనే, అంతరించిపోయిన పెద్ద సొర మెగలడాన్ పన్నయితే అంచు గాట్లు సన్నగా, వరసగా ఉంటాయి, అరచేతిని నింపే పళ్ళు కూడా ఉంటాయి.

"ఇంత ఎముకల చేపకి పళ్ళే ఎందుకు మిగిలాయి?" అని అమ్మ అడిగింది. సొరకి ఎముకలే లేవు. ఒళ్ళంతా మన చెవి డొప్పలో ఉండేలాంటి మృదులాస్థి, అది తొందరగా కుళ్ళిపోతుంది. పళ్ళు మాత్రం జీవితాంతం ఊడుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, ఒక్క చేపకే వేలకు వేలు. ఒకప్పుడు ఈ నేలంతా లోతులేని సముద్రం. అడుగున బురదలో కూరుకుపోయిన పళ్ళలోకి ఖనిజాలు ఇంకి ఇలా నల్లబడ్డాయి. యూరప్‌లో చాలాకాలం వీటిని రాతి నాలుకలనే అనుకున్నారు. 1666లో ఇటలీలో పట్టుబడిన పెద్ద సొర తలని కోసి చూసిన స్టీనో అనే డెన్మార్క్ శాస్త్రవేత్త, మరుసటి ఏడు అవి సొర పళ్ళేనని రాశాడు. అమ్మ ఇదంతా వింటూనే పన్నుని పమిట కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

ఆ రోజు మొత్తం పదిహేడు పళ్ళు. పదకొండు అమ్మవే. వాటితోపాటు వేలెడంత, గోధుమ రంగు, రాయిలాంటి బరువున్న ముక్క ఒకటి. విరిగిన చోట గుల్లగా లేదు, లోపలిదాకా గట్టిగా ఉంది. సముద్రపు ఆవు పక్కటెముక. పర్మిట్ పనికొచ్చింది దీనికే. సొర పళ్ళు కాకుండా దొరికినవాటి జాబితా మ్యూజియంకి పంపాలి. అది అందిన 60 రోజుల్లో వాళ్ళు అడగకపోతే ఆ శిలాజం మనదే. పాప క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తూ వచ్చింది. అడగలేదు. ఎముక ఇప్పుడు దాని చదువుకునే బల్ల మీద ఉంది.

హెమిప్రిస్టిస్ పన్ను అమ్మ పర్సులో పెట్టుకుని తెనాలి తీసుకెళ్ళింది. ఈ మధ్య ఫోన్ చేస్తే, తిన్నారా అని అడిగాక వెంటనే అడిగేది నది సంగతే. నీళ్ళు తగ్గాయా అని.