పెట్రా: సగం ఫ్రేమును చీకటికి వదిలేస్తే

జోర్డాన్‌లో కొండరాతిలో తొలిచిన పురాతన నగరం పెట్రాకు, అక్కడే రాత్రి బస చేసేవాళ్లకైతే ఒక రోజు టికెట్టు 50 దినార్లు, రెండు రోజులకు 55. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు ఆ ఐదు దినార్ల దగ్గర పిసినారితనం చూపకూడదు. మొదటి రోజంతా ఏ రాతి మీద ఎన్నింటికి ఎండ పడుతోందో గమనించడానికే సరిపోతుంది. గేటు ఉదయం ఆరింటికి తీస్తారు. ఆ వేళకే లోపల ఉండాలి. టూరిస్టు బస్సులు దిగాక, లోపలికి దారైన సిక్‌లో ఖాళీ చోటు దొరకదు.

సిక్ అంటే కొండ నిలువునా చీలి ఏర్పడ్డ సందు. పొడవు 1.2 కిలోమీటర్లు. గోడలు కొన్నిచోట్ల 80 మీటర్ల దాకా లేస్తాయి, వెడల్పు కొన్నిచోట్ల మూడు మీటర్లకు మించదు. తలెత్తితే ఆకాశం చిన్న పేలికలా కనిపిస్తుంది. ఎండ నేరుగా అడుగు దాకా దిగేది కాసేపే. మిగతా పొద్దంతా అక్కడున్నది అరువు వెలుగు. పై అంచున తగిలిన ఎండ ఎదుటి గోడ మీదికి, అక్కణ్నుంచి మళ్లీ ఇటు గోడ మీదికి దూకుతూ కిందికి చేరుతుంది. ఇసుకరాయిని తాకిన ప్రతిసారీ ఇంకాస్త ఎరుపెక్కుతుంది. ఆకాశపు వెలుగు ఒక్కటే అందే మూలలు మాత్రం నీలంగా ఉంటాయి. ఈ నారింజకీ నీలానికీ ఉన్న తేడాలోనే సిక్ మర్మం సగం ఉంది. కెమెరా తనే రంగులు సరిచూసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ తేడాను పొరపాటనుకుని సరిదిద్దేస్తుంది, రాయి వెలిసిపోయినట్టు వస్తుంది. అందుకే డేలైట్‌కు, అంటే 5200-5500 కెల్విన్‌కు కట్టేసి మళ్లీ ముట్టుకోలేదు. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుగు, ట్రైపాడ్ లేకుండా, ఎఫ్ (లెన్సు రంధ్రం) 5.6, సెకనులో 60వ వంతు, ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం) 800 చుట్టుపక్కల.

సందు చివరి మలుపులో ఖజానా అని పిలిచే, కొండలో చెక్కిన కట్టడం కనిపిస్తుంది. అరబ్బీలో దాని పేరు అల్-ఖజ్నే. మనం ఖజానా అనే మాట కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. నిజానికి అది ఖజానా కాదు, పెట్రాను కట్టిన నబాతియన్ల కాలపు సమాధి అని పండితుల మాట. ఉదయం ఏడింటికి దాని ముఖం పూర్తిగా నీడలో ఉంటుంది. చెక్కడాలన్నీ శుభ్రంగా కనిపిస్తాయి, కానీ ఆ ఫొటో పోస్టుకార్డుకే పనికొస్తుంది. కాలాన్ని బట్టి తొమ్మిది, పదకొండు గంటల మధ్య ఎండ ముఖం మీదికి వస్తుంది. అప్పటికి సందు లోపలే, మలుపుకు పది పన్నెండు అడుగులు వెనక కాచుకుని ఉండాలి.

అక్కడ కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మాట వింటే కొంప మునిగినట్టే. ఫ్రేములో ముప్పాతిక వంతు చీకటి గోడలు. వాటిని నడిమి బూడిద రంగుకు తేవాలని కెమెరా తాపత్రయపడుతుంది, మధ్యలో వెలిగే చారిక పాలిపోయి తెల్లబడుతుంది. ఒక్కచోటే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి ఎండపడ్డ రాతి మీద కొలిచి లాక్ చేస్తే ఐఎస్ఓ 200, ఎఫ్ 8, 640వ వంతు వచ్చింది. సిక్ లోపలి కొలతతో పోల్చితే ఆరు స్టాపులకు పైగా తేడా (ఒక్కో స్టాపుకు వెలుగు సగమో రెట్టింపో అవుతుంది). అంటే గోడలు దాదాపు నలుపే. అలాగే వదిలేయాలి. ఫ్రేమంతటినీ కొలిచే మీటరింగే వాడేవాళ్లు ఎక్స్‌పోజర్‌ను మైనస్ 1.3 నుంచి మైనస్ 2 దాకా తగ్గించి చూడొచ్చు.

ఇంకో చిక్కుంది, చాలామంది గమనించరు. ఈ రాతిలో ఎరుపు ఎక్కువ కనుక ముందు పొంగిపోయేది ఎరుపు చానెల్, అంటే ఫొటోలోని ఎరుపు పాలు. వెలుగు ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫు, మామూలు హిస్టోగ్రామ్, అంతా బాగానే ఉందంటుంది, ఇంటికొచ్చి చూస్తే స్తంభాల మీద గీతలన్నీ ఒకే నారింజ ముద్దై ఉంటాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు కుడి అంచును గుద్దకుండా చూసుకోవాలి. ఫోనైతే వెలుగున్న రాతి మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చాలు. నైట్ మోడ్, హెచ్‌డీఆర్ ఆపేయండి. చీకటిలో ఏముందో చూపించడమే వాటి పని, ఇక్కడ మనకు అక్కర్లేనిది అదే.

ఇక పరిమాణం. ఖజానా ఎత్తు దాదాపు 40 మీటర్లు, వెడల్పు 25. పక్కన మనిషి లేకపోతే అది 10 మీటర్లో 100 మీటర్లో చెప్పలేం. కానీ ఆ మనిషిని కెమెరా దగ్గర నిలబెడితే పనంతా చెడుతుంది. వెడల్పుగా చూసే 24 ఎంఎం లెన్సుకు మూడు మీటర్ల దూరంలో ఉన్నవాడు నిలువు ఫ్రేములో మూడో వంతుకు పైనే ఆక్రమిస్తాడు, వెనకున్న కట్టడం బొమ్మరిల్లు అయిపోతుంది. మనిషి కట్టడం పాదాల దగ్గరే ఉండాలి, మనం వెనక్కి జరిగి, దూరాన్ని దగ్గరకు తెచ్చే పొడవు లెన్సు వేసుకోవాలి. చిన్న లెక్క: 6000 పిక్సెళ్ల నిలువు ఫ్రేములో కట్టడం 4800 పిక్సెళ్లు తీసుకుంటే 1.7 మీటర్ల మనిషికి దక్కేవి సుమారు 200. అదే బొమ్మ ఫోను తెరకు 1200 పిక్సెళ్లకు కుదిస్తే మనిషి 40 పిక్సెళ్ల చుక్క. ఆ చుక్క రాతి రంగులో కలిసిపోతే లేనట్టే. లేత నేల మీద ముదురు బట్టలు, చీకటి గుమ్మం ముందు తెల్ల బట్టలు. రెండు అడుగుల మధ్య కాళ్లు విడివడ్డ క్షణంలో నొక్కితే ఆ చుక్క మనిషని తెలుస్తుంది.

పై అంచును ఫ్రేములోంచి కోసేయడానికి నేను సంకోచించను. శిఖరం కనబడిందంటే కన్ను కొలత ముగించేస్తుంది. కోసేస్తే ఇంకెంత పైకి ఉందో అని వెతుకుతుంది.

సిక్‌లోనే ఒకచోట ఒంటెల బారు శిల్పం ఉంది, నిజమైన ఒంటెల కంటే పెద్దది. పైభాగం అరిగిపోయింది. మిగిలినవి ఒంటెల కాళ్లు, వాటిని నడిపించే మనిషి పాదాలు, అంగీ అంచు. ఎదురుగా నిలబడితే వట్టి గరుకు రాయే. గోడకు దాదాపు ఆనుకుని ఏటవాలుగా చూస్తే, ఒక పక్కనుంచి వచ్చే వెలుగులో మడమ వెనక సన్నని నీడ గీత తేలుతుంది, దాని పక్కన ఒంటె గిట్ట. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గిస్తే ఆ గీత ఇంకా చిక్కబడుతుంది. ఫ్లాష్ వేస్తే ఉన్న నీడా చచ్చి మళ్లీ గరుకు రాయే మిగులుతుంది.

కొండ మీదున్న మరో పెద్ద రాతి కట్టడం అద్-దైర్‌కు మధ్యాహ్నం ఎక్కాలి, 800కు పైగా మెట్లు. దాని ముఖం మీద ఎండ పడేది అప్పుడే. గుమ్మమే 8 మీటర్లు, మనిషి అందులో ఐదో వంతు. ఆ నల్లటి గుమ్మం ఒక్కటీ, దాని ముందు ఒక మనిషీ చాలు. కట్టడం మొత్తం అక్కర్లేదు. సూర్యుడు వాలేకొద్దీ స్తంభాల నీడలు పక్కకు సాగుతాయి, కాబట్టి తొందరపడి దిగిపోవద్దు.

వాన సూచన ఉంటే సిక్ మూసేస్తారు, దాని మీద విసుక్కోకండి. 1963లో మెరుపు వరద ఆ సందులోనే ఫ్రెంచి యాత్రికుల ప్రాణాలు తీసింది.

రాత్రి ప్రదర్శనకు సిక్ పొడవునా కాగితపు సంచుల్లో కొవ్వొత్తులు పెడతారు. కెమెరాను ఏదైనా స్థిరమైన దానికి ఆనించి ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, 8 సెకన్లతో మొదలుపెట్టొచ్చు. మంట తెల్లబడుతుంది, బడనివ్వండి. సంచి అంచున నారింజ రంగు మిగిలితే సరిపోయినట్టే. ఫోకస్ ముందే ఒక మంట మీద కుదిర్చి మాన్యువల్‌కు మార్చకపోతే లెన్సు చీకట్లో తడుముకుంటూనే ఉంటుంది. నడిచేవాళ్లు ఆ ఎనిమిది సెకన్లలో పొగలా కరిగిపోతారు. ఎవరైనా ఫోను టార్చి వేస్తే మాత్రం ఆ ఫ్రేము చెరిపేసి, వాళ్లు మలుపు తిరిగేదాకా ఆగి మళ్లీ తీయడమే.