కాలిపర్‌ది తప్పు కాదట

మూడో ఆదివారం కూడా నా పాత కారులో బ్రేకు వదలకుండా పట్టేస్తున్న ఆ ఎడమ ముందు చక్రం పక్కనే గడిచిపోయింది. దొంగ దొరికాడు, కానీ వాడొక్కడే కాదేమోనని ఇప్పుడు అనుమానం.

వెనక డ్రమ్ముల్లో షూలు, వీల్ సిలిండర్లు మార్చడం ఒక్క పూటలో అయిపోయింది. హ్యాండ్‌బ్రేక్ నాలుగో క్లిక్‌కే పట్టుకుంటోంది. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

గోలంతా ముందు చక్రానిదే. బయల్దేరేటప్పుడు మామూలుగానే ఉంటుంది. పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లి, మధ్యలో నాలుగైదుసార్లు గట్టిగా బ్రేక్ తొక్కితే చాలు, కారు ఎడమకి లాగడం మొదలు, ఆపి దిగితే మాడు వాసన. డిస్క్ మధ్య టోపీ భాగం మీద థర్మామీటర్ గన్‌తో చూస్తే కుడివైపు 58 డిగ్రీలు, ఎడమవైపు 131. మెరిసే లోహం మీద ఈ గన్ తక్కువ చూపిస్తుంది, అందుకే రెండువైపులా నల్ల పెయింట్ చుక్క పెట్టుకుని ప్రతిసారీ అక్కడే కొలిచాను. అంకె అటూఇటూ అయినా తేడా అబద్ధం కాదు.

మొదటి వారం కాలిపర్ మీద పడ్డాను, అంటే ఆయిల్ ప్రెజర్‌తో పిస్టన్‌ని నెట్టి ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం. పిస్టన్ బయటికి తీశా, డస్ట్ బూట్ అంచు దగ్గర కాస్త తుప్పు మచ్చ, అంతే. సీల్ కిట్ కొత్తది, ఎర్ర రబ్బర్ గ్రీజు, కాలిపర్ జారే పిన్నులకి సిలికాన్ గ్రీజు. (పిన్నులకి రాగి గ్రీజు పూసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది ఉండాల్సింది రబ్బరు లేని చోట.) మళ్లీ అదే రోడ్డు, అదే దూరం: 124. నాలుగు గంటల పనికి ఏడు డిగ్రీలు!

రెండో వారం మాస్టర్ సిలిండర్ మీద అనుమానం, పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది అదే. కానీ ఈ కారులో ఎడమ ముందు, కుడి వెనక ఒకే ఆయిల్ సర్క్యూట్. తప్పు అక్కడుంటే కుడి వెనక చక్రం కూడా పట్టాలిగా, అదేమో హాయిగా తిరుగుతోంది. ఈ ముక్క తట్టడానికి నాకు వారం పట్టింది.

నిన్న మాత్రం చేయాల్సిన పద్ధతిలో చేశాను. బండిని బాగా తిప్పి, చక్రం పట్టేసి ఉండగానే జాకీ ఎత్తి స్టాండ్ పెట్టాను. చేత్తో తిప్పితే కదల్లేదు. ముందుగా, మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే ఇనప పైపు కాలిపర్‌కి వెళ్లే రబ్బరు గొట్టాన్ని (హోస్) కలిసే చోట నట్టు వదులు చేశా: రెండు చుక్కలు కారాయి, చక్రం ఇంకా బిగుసుకునే ఉంది. నట్టు బిగించి, కాలిపర్ మీద గాలి తీసే నిపుల్‌కి ట్యూబ్ తొడిగి పావు చుట్టు తిప్పగానే ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం వదిలేసింది. అంటే ప్రెజర్ ఇరుక్కుపోయింది హోస్‌కి ఇవతల, కాలిపర్ వైపే. కాలు బలానికి ఆయిల్ కాలిపర్‌లోకి దూరిపోతోంది, వెనక్కి నెట్టడానికేమో సీల్ సాగి వదిలే కాస్త బలమే ఉంటుంది, అది చాలట్లేదు.

హోస్ పైకి నున్నగా ఉంది, పగులు కూడా లేదు. పొడుగ్గా కోసి చూశా. బయటి మందం 10.5 మి.మీ., లోపల దారి మామూలుగా 3 మి.మీ. ఉంది, ఒక్క చోట మాత్రం 1 మి.మీ. తీగ కూడా కష్టంగా దూరింది. అది సరిగ్గా హోస్‌ని సస్పెన్షన్ స్ట్రట్‌కి పట్టుకునే రేకు పట్టీ కింద. పట్టీ లోపల తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి రబ్బరుని నొక్కేసింది. పైనుంచి చూసినవాడికి ఇది కనపడే అవకాశమే లేదు.

కొత్త రబ్బర్ హోస్ వేశాను, స్టీల్ జాలీ అల్లినది కాదు. రోజూ తిప్పే పాత కారుకి జాలీ హోస్ ఆర్భాటమే అనిపిస్తుంది, పైగా లోపల ఏం జరుగుతోందో అస్సలు తెలియదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌తో గాలి తీశా, పెడల్ గట్టిగా వచ్చింది.

ఫలితం: ఎడమ 73, కుడి 57. వాసన లేదు, లాగడం లేదు, కానీ ఆ 16 డిగ్రీలు ఎక్కడివి? ఇన్నాళ్లూ మాడిన ప్యాడ్ పైపొర గాజులా మెరుస్తోంది, అది కావచ్చు. బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే స్టీల్ క్లిప్పుల కింద తుప్పు లేచి ఉండొచ్చు, లోపలి ప్యాడ్‌ని చేత్తో నెడితే సాఫీగా జారలేదు, బొటనవేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చింది. నా అనుమానం దీని మీదే. ఇంకోటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది: రెండు పిన్నుల్లో ఒకదానికి చివర రబ్బర్ బుష్ ఉంది, అది పైన ఉండాలా కింద ఉండాలా అన్నది విప్పేటప్పుడు ఫోటో తీసుకోలేదు.

వచ్చే ఆదివారం క్లిప్పులు ఊడదీసి ఫైల్‌తో తుప్పు గీకుతా, కుడి కాలిపర్ విప్పి పిన్నులు పోల్చుకుంటా. కుడి హోస్ కూడా అదే వయసుది కాబట్టి అదీ మారుస్తా. ఎటూ ఆయిల్ తీస్తున్నాం కదా అని క్లచ్ లైన్ కూడా ఫ్లష్ చేద్దామనిపిస్తోంది, దాని నిపుల్ మాత్రం తుప్పుతో గుండ్రంగా అరిగిపోయి నన్నే చూస్తోంది.