సరుగుడు తోట ఇసుకలో మూడో ప్రయత్నం

మూడో ఆదివారం కూడా బండి అక్కడే కూరుకుపోయింది. భీమిలి దగ్గర తెలిసినవారి సరుగుడు తోటలో, వారి అనుమతితో మేము బండితో ఎక్కడానికి ఎంచుకున్న ఇసుక మిట్ట నలభై మీటర్ల పొడవుంటుంది. మా బావగారి ఖరీదైన ఎస్‌యూవీ మూడు వారాలుగా ఇరవై ఏడో మీటరు దాటడం లేదు. ఎర్రమట్టి దిబ్బలు అక్కడికి దగ్గరే అయినా, అవి కాపాడుకోవలసిన భౌగోళిక వారసత్వం కనుక అటు బండి తిప్పకూడదన్నది మా నియమం.

పాడేరు వైపు రాళ్ల దారినీ, మోకాలి లోతు గెడ్డనూ ఇదే బండి పోయిన నెలలో అవలీలగా దాటింది.

ఇరవై ఏడో మీటరు దగ్గర వాలు పన్నెండు డిగ్రీలకు పెరుగుతుంది, ఇసుక పిండిలా మెత్తబడుతుంది. మొదటిసారి టైర్లలో గాలి ఒత్తిడిని 18 పీఎస్‌ఐకి దించితే ఎడమ వెనుక టైరు అంచుకూ రిమ్ముకూ మధ్య ఇసుక రేణువులు చొరబడి, గాలి బుసబుసమంటూ పోయింది. అప్పటినుంచి 22 కంటే కిందికి దించడం లేదు. రెండోసారి చక్రం జారినప్పుడల్లా ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను శక్తిని తగ్గించి ఊపంతా చంపేసింది. ఈసారి దాన్ని ఆపి, శాండ్ మోడ్ పెట్టి, ఎయిర్ సస్పెన్షన్‌ను పూర్తిగా పైకెత్తి వెళ్లాము. వెనుక చక్రాలు 19 సెంటీమీటర్ల గొయ్యి తవ్వుకున్నాయి, బండి పొట్ట ఇసుక మీద కూర్చుంది.

నేలను తాకే టైరు ముద్ర ఎంత పొడవైతే బరువు అంత పరుచుకుని, టైరు ఇసుకలో అంత తక్కువ దిగుతుంది. అందుకే తోటలోని మోటారు షెడ్డు సిమెంటు నేల మీద టైరు చుట్టూ ముగ్గుపిండి చల్లి, బండిని ముందుకు జరిపి, మిగిలిన ముద్రను టేపుతో కొలిచాను. 36 పీఎస్‌ఐ దగ్గర పొడవు 17 సెంటీమీటర్లు, 22 దగ్గర 21. మిత్రుడి థార్ 16 పీఎస్‌ఐతో 26 చూపింది, మిట్టంతా ఆగకుండా ఎక్కేసింది. దాని 245/75 ఆర్16 టైరు (వెడల్పు మిల్లీమీటర్లలో, అందులో పక్కగోడ ఎత్తు శాతం, రిమ్ము అంగుళాలు) పక్కగోడ 184 మిల్లీమీటర్లు. మా 275/45 ఆర్21 పక్కగోడ 124 మాత్రమే. పొట్టి పక్కగోడ తగినంత వంగక ముద్ర పొడవు పెరగడం లేదన్నది నా మొదటి అనుమానం.

నా రెండో అనుమానం సస్పెన్షన్ మీద. బండిని పూర్తిగా పైకెత్తినప్పుడు చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది కనుక, ఎగుడుదిగుడు నేల మీద ఒక చక్రం తేలిపోయి, మిగిలినవి ఇసుకను తవ్వేస్తున్నాయని నా ఊహ.

ఈ తరం విలాసపు బండ్లకు అడవిదారి చేతకాదనే మాటను నేను ఒప్పుకోను. 2020 తరం డిఫెండర్ 900 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడిచేలా తయారైంది. పెట్రోలు, డీజిల్ జి-క్లాస్ నేటికీ, చక్రాలన్నీ ఒకే వేగంతో తిరిగేలా బిగించే మూడు డిఫరెన్షియల్ లాకులను వదులుకోలేదు. బండిని దిగలాగేది చక్రాల సైజు. 1970 నాటి తొలి రేంజ్ రోవర్ 16 అంగుళాల చక్రాలతో వచ్చింది, నేటి దానికి 23 అంగుళాలవి కూడా అమ్ముతున్నారు. షోరూమ్‌లో అందానికి పెద్ద రిమ్ములు ఎంచుకుని, స్థలం మిగలడానికి సన్నని స్టెప్నీతో సరిపెట్టుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అందుకే వచ్చే నెల 255/60 ఆర్19 టైర్లు ప్రయత్నిస్తాము. టైరు మొత్తం వ్యాసంలో తేడా ఎనిమిది మిల్లీమీటర్లే, పక్కగోడ మాత్రం 153కి పెరుగుతుంది. అయితే ముందు చక్రాల బ్రేక్ కాలిపర్ (బ్రేక్ డిస్కును పట్టి ఆపే భాగం) 19 అంగుళాల రిమ్ములో ఇమడాలి. అట్టముక్కను ఆ కొలతకు కత్తిరించి ఉంచాను. శనివారం చక్రం విప్పి చూస్తాము. ఇమిడితే మొదటి పరుగు సస్పెన్షన్‌ను మామూలు ఎత్తులోనే ఉంచి, పక్కగోడ ఎత్తు పెరుగుతుంది కనుక మళ్లీ 18 పీఎస్‌ఐతో.