కూపన్ వెంట పోయిన మనిషి

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దున లేవగానే రెండు పనులు. ఒకటి, జంతికలు డబ్బాలో సర్దడం. రెండోది, మొన్న పోస్టులో వచ్చిన పుస్తకాన్ని గుడ్డ మీద పెట్టి ఇంకోసారి చూసుకోవడం. రెండింటినీ ఒకే సంచీలో పెట్టబోతుంటే మా ఆవిడ చూసింది. "నూనె డబ్బా, ఎనభై ఏళ్ల కాయితం ఒకే సంచీలోనా? కొనడానికి ఉన్న తెలివి మోయడానికి లేదేంటండీ" అంది. నిజమే. రెండు సంచులయ్యాయి.

నెలకో ఆదివారం మేం నలుగురం ఒకచోట చేరతాం. ఇక్కడ న్యూజెర్సీలోనే, మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో ఒక రిటైర్డ్ సైన్స్ మాస్టారి బేస్‌మెంట్లో. నలుగురికీ ఒకటే పిచ్చి, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ కామిక్ పుస్తకాలు. కొత్తగా కొన్నది తెచ్చి చూపించాలి, ఎంతకు కొన్నామో చెప్పకూడదు. (కాసేపటికి అందరం చెప్పేస్తాం, అది వేరే సంగతి.) చేతులు సబ్బుతో కడుక్కుని బాగా తుడుచుకోవాలి. తొడుగులు వద్దంటారు మాస్టారు. తొడుగేసుకుంటే కాయితం అంచు వేలికి తెలీదు, పెళుసు కాయితం కదా, పుటుక్కున విరుగుతుంది. కాఫీ కప్పు ఆ గదిలోకే రాకూడదు. నా జంతికల డబ్బాని గుమ్మంలోనే అందుకుని పైన వంటింట్లో పెట్టించేశారు.

మాస్టారికి ఒక విద్య ఉంది. కళ్లు మూసుకుని పుస్తకం లావు వేళ్లతో చూసి, ఇంచుమించు ఏ ఏడాదిదో చెప్పేస్తారు. గారడీ ఏం కాదు. యుద్ధం మొదట్లో కామిక్ అంటే అట్టతో కలిపి 68 పేజీలు. తర్వాత కాగితానికి రేషన్ వచ్చింది. 60 అయ్యాయి, ఆ తర్వాత 52. ధర మాత్రం ఎప్పుడూ పది సెంట్లే. ధర అలాగే ఉంచి సరుకు తగ్గించడం అప్పుడూ ఉందన్నమాట. ఇవాళ నేను తెచ్చినదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని "నలభై నాలుగు" అన్నారు. 1944దే. నాకు ఒళ్లు మండింది, సర్‌ప్రైజ్ అంతా పోయింది.

ఈ పిచ్చి ఉన్నవాళ్లందరి కలలోకీ వచ్చే పుస్తకం ఒకటే, కెప్టెన్ అమెరికా మొదటి సంచిక. అట్ట మీద హీరో హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. తేదీ 1941 మార్చి అని ఉంటుంది గానీ దుకాణాల్లోకి వచ్చింది 1940 డిసెంబర్లో. అప్పట్లో కామిక్స్ మీద నెలలు ముందుకు జరిపి వేసేవారు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది 1941 డిసెంబర్ 7న. అంటే అమెరికా యుద్ధంలోకి దిగడానికి దాదాపు ఏడాది ముందే, ఈ హీరోని సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీ అనే ఇద్దరు యూదుల కుర్రాళ్లు దిగిపోయారు. కర్బీ తర్వాత నిజంగానే సైన్యంలోకి వెళ్లాడు. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగాడు, చలికి పాదాలు చెడి వెనక్కి వచ్చాడు. ఆ మొదటి సంచిక మంచి కాపీ ఒకటి 2022లో 31 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. మాలో ఎవరి దగ్గరా లేదు, ఉండదు కూడా. అయినా ప్రతి నెలా దాని గురించి ఓ పావుగంట మాట్లాడుకుంటాం, పెళ్లి కావాల్సిన కుర్రాళ్లు హీరోయిన్ గురించి మాట్లాడుకున్నట్టు.

ముందు నర్సమ్మ వంతు. ఆవిడ హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసి, నిద్ర కూడా పోకుండా వస్తుంది. ఈసారి ఫైట్ కామిక్స్ సంచిక ఒకటి తెచ్చింది, సెన్యోరిటా రియో కథ కోసం. పెర్ల్ హార్బర్లో కాబోయే భర్తను పోగొట్టుకున్న సినిమా నటి, గూఢచారిగా మారి నాజీల పని పడుతుంది. కథ కన్నా గీసినావిడ కథే నన్ను పట్టుకుంది. లిలీ రెనే. వియన్నాలో పుట్టిన యూదుల అమ్మాయి. 1939లో పిల్లల్ని ఇంగ్లండుకు తరలించే రైళ్లలో ఒంటరిగా బయటపడింది. తర్వాత న్యూయార్క్‌లో తల్లిదండ్రుల్ని కలుసుకుని, ఇల్లు గడవడానికి కామిక్స్ కంపెనీలో బొమ్మలు గీయడానికి చేరింది. మగ ఆర్టిస్టులు చాలామంది సైన్యంలోకి పోయారు కాబట్టి ఆడవాళ్లకు కుర్చీలు దొరికాయి. సంతకం ఎల్. రెనే అని పెట్టేది. గీసింది మగవాడే అనుకుని అలాగే ఉత్తరాలు రాసేవారట పాఠకులు. 2022లో, నూరేళ్లు దాటాక పోయింది.

ఆ పుస్తకం మాత్రం ప్లాస్టిక్ పెట్టెలో ఉంది. గ్రేడు వేసే కంపెనీకి పంపితే పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్‌లో సీలు చేసి పంపిస్తారు. రేటు పెరుగుతుంది, దొంగ అతుకులు ఉంటే బయటపడతాయి, అదంతా నిజమే. కానీ ఇక తెరవలేం. ఆవకాయ జాడీ మూత తీయకుండా బయటినుంచి చూసి ఆనందించమన్నట్టు ఉంటుంది నాకు. ఆ మాటే అన్నాను, ఆవకాయ బదులు జామ్ అని. "లోపలి పేజీలు నేను వేరే చిరిగిన కాపీలో చదివాలే" అంది, ఆవలిస్తూ.

ఇక నా బంగారం. కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్, 1944. ఆ ఏడాది ఈ పత్రిక కోటీ నలభై లక్షల కాపీలు అమ్ముడుపోయిందని చెబుతారు. సూపర్‌మ్యాన్‌ని కూడా మించిపోయిన రోజులవి. నా కాపీ అందులో ఒక అనాథ. వెనక అట్ట లేదు. వెన్ను మీద ఎప్పుడో ఎవరో టేపు వేశారు, అది బెల్లం పాకం రంగుకు తిరిగింది. పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాయితానికి ఎర్రటి మరక దించాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మూసి ఉంచిన ట్రంకుపెట్టెలోంచి వచ్చే వాసన, కొంచెం పులుపు తగులుతూ. చవకరకం న్యూస్‌ప్రింటులోని ఆమ్లం దాన్నే తినేస్తుంటే వచ్చే వాసన అది.

ఇవన్నీ తెలిసే కొన్నా. తెలియనిది లోపల ఉంది. మధ్యలో ఒక ప్రకటన పేజీలో కూపన్‌ని ఎవరో పిల్లాడు కత్తెరతో చక్కగా, గీత మీదే కత్తిరించుకున్నాడు. దేని కోసమో! బొమ్మ పిస్టలో, క్లబ్బు బిళ్లో. పాపం వాడికి కావాల్సింది వాడికి దొరికే ఉంటుంది. కానీ ఆ కాయితం అవతలి వైపు కథ ఉంది. కెప్టెన్ మార్వెల్ పిడికిలి బిగించి గుద్దుతున్నాడు, గుద్దు తినేవాడు లేడు. కూపన్ వెంట పోయాడు. ఆ చిల్లులోంచి వెనక పేజీలోని ఎవరిదో బూటు కనిపిస్తోంది. అమ్మినవాడు "లోపల చిన్న లోపం" అని రాశాడు. ఒక మనిషే లేకపోతే చిన్న లోపమట! కానీ నవ్వొచ్చింది, తిరిగి పంపాలనిపించలేదు.

పైగా ఆ కథ సీరియల్. 1943 నుంచి 1945 దాకా 25 భాగాలుగా సాగింది. ప్రపంచాన్ని గడగడలాడించే ముఠా నాయకుడు మిస్టర్ మైండ్ ఎవరా అని పిల్లలు నెలల తరబడి తల పట్టుకున్నాక, తీరా చూస్తే కళ్లజోడు పెట్టుకున్న ఒక చిన్న పురుగు. నా దగ్గరున్నది ఒక్క భాగమే. ముందేం జరిగిందో, తర్వాతేమవుతుందో ఇందులో లేదు. ఇది మనకి కొత్తేం కాదు. అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి, పురికొసతో కుట్టి, బైండు చేయించేది. అందులో ఎప్పుడూ ఒక వారం ఉండేది కాదు. పక్కింటావిడ తీసుకెళ్లి ఇవ్వలేదు. ఆ బైండ్లన్నీ నేను కాలేజీలో ఉండగా, ఇల్లు మారేటప్పుడు తూకానికి వెళ్లిపోయాయి. పాత పేపర్లవాడు స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలించి ఎత్తడం ఇంకా కళ్ల ముందుంది.

యుద్ధంలో ఇక్కడా అదే జరిగింది, దేశం మొత్తం మీద. తుపాకీ గుళ్ల పెట్టెలకీ, సామాన్ల ప్యాకింగుకీ అట్ట కావాలి. అందుకని పిల్లలు బళ్లు లాక్కుంటూ ఇంటింటికీ తిరిగి పాత కాగితం పోగుచేసేవారు. ఆ పని చేయమని పిల్లలకు చెప్పినవాటిలో ఈ కామిక్స్ కూడా ఉన్నాయి. పాత కాగితం ఇవ్వండి, యుద్ధం ఖర్చు కోసం సర్కారు అమ్మే వార్ స్టాంపులు కొనండి అని. స్టాంపు పది సెంట్లు, పుస్తకమూ పది సెంట్లే. అంటే వచ్చే వారం నన్ను కొనడం మానేసి స్టాంపు కొనుక్కో అని పుస్తకమే చెబుతోంది! స్టాంపులు అంటించి 18 డాలర్ల 75 సెంట్లు చేస్తే ఒక బాండు, పదేళ్లకు అది 25 డాలర్లు. బుద్ధిమంతులైన పిల్లలు స్టాంపులు కొన్నారు, పుస్తకాలు బండిలో వేశారు. ఇవాళ మా టేబుల్ మీదున్నవన్నీ మాట వినని పిల్లలవి.

ఆఖరున మాలో నాలుగో ఆయన, జపనీస్ అమెరికన్. ఆయన వంతొచ్చేసరికి నేను ఎప్పుడూ కొంచెం ఇబ్బందిపడతాను. ఆయన వెతికేది జపాన్ వాళ్లను కోరలతో, పచ్చటి ఒంటితో రాక్షసుల్లా గీసిన పుస్తకాలే. ఇవాళ తెచ్చింది అలెక్స్ షాంబర్గ్ గీసిన అట్ట. బొమ్మ చూస్తే సంతలో తొక్కిసలాటలా ఉంటుంది, ఒక్క అంగుళం ఖాళీ ఉండదు. పనితనం అద్భుతం, ఆ ముఖాలు దారుణం. రెండూ ఒకే చేతివి.

లోపల తెరిచి చూపించాడు. ఆ కోరల ముఖాలన్నిటికీ ఎవరో పిల్లాడు పెన్సిల్‌తో చిన్న మీసం పెట్టాడు. అందరినీ హిట్లర్ చేసేశాడు. మాకు పెన్సిల్ గీత అంటే మార్కులు పోయినట్టే, ఈయన మాత్రం అలాంటిదే కావాలని మూడేళ్లుగా వెతుకుతున్నాడట. ఎందుకో ఇవాళే చెప్పాడు. వాళ్ల నాయనమ్మ పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1942లో, ఇంటిల్లిపాదినీ కాలిఫోర్నియా నుంచి ముళ్లకంచె క్యాంపుకు పంపించారు. జపాన్ మూలాలున్నవాళ్లని అనుమానించి, అమెరికా ప్రభుత్వమే అలా లక్షా ఇరవై వేల మందిని పంపింది. ఆ క్యాంపులో ఆవిడ తమ్ముడు కామిక్స్ చదువుతూ ఇలాగే మీసాలు పెట్టేవాడట, 'వీడు మనవాడు కాదు' అంటూ. 1944లో వాళ్లు ఇదే న్యూజెర్సీ దక్షిణాన సీబ్రూక్ ఫార్మ్స్‌లో కూరగాయల ఫ్యాక్టరీ పనికి వచ్చారు. అలా క్యాంపుల నుంచి అక్కడికి వచ్చినవాళ్లు రెండున్నర వేల మంది దాకా ఉంటారు. తమ్ముడి పుస్తకాలు క్యాంపులోనే ఉండిపోయాయి. ఇది వేరే ఎవరో పిల్లాడిదని ఆయనకీ తెలుసు.

నేను ఊరుకోవచ్చు కదా. మాది వైజాగ్ అనీ, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు అక్కడా కాకినాడలోనూ బాంబులు వేశాయనీ, మా అమ్మమ్మ వాళ్లు ఇల్లు వదిలి విజయనగరం అవతల పల్లెకు పారిపోయారనీ చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నా. ఆయన ఏమీ అనుకోలేదు. కాస్త ఆలోచించి, "వెళ్తూ ఏం తీసుకెళ్లారు?" అని అడిగాడు. వాళ్లింట్లో ఎప్పుడూ నడిచే ప్రశ్నట అది, చేతుల్లో మోయగలిగినంతే తెచ్చుకోమన్నారు కాబట్టి. నాకు జవాబు తెలీదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాత పైకి వెళ్లి జంతికలు తిన్నాం. డబ్బా ఖాళీ. నర్సమ్మ సోఫాలో నిద్రపోయింది.

ఇందాక అమ్మకి ఫోన్ చేశా. అక్కడ సోమవారం పొద్దున ఎనిమిదిన్నర, కాఫీ తాగుతోంది. "ఇప్పుడెందుకురా అది, నేను పుట్టకముందు సంగతి" అంటూనే చెప్పింది. బియ్యం, ఇత్తడి బిందె, పట్టెమంచం నవారు. మంచం మోయలేక, నవారు విప్పి పెద్ద ఉండలా చుట్టుకుని అమ్మమ్మ ఒళ్లో పెట్టుకుని బండెక్కిందట. పదిహేడేళ్ల పిల్ల. దారంతా దాని మీద తల పెట్టుకునే పడుకుందట. "తిరిగొచ్చాక?" అన్నాను. "మంచం ఎవడో ఎత్తుకుపోయాడు. వేరే మంచం చేయించి, అదే నవారు అల్లించారు. మీ మావయ్యా నేనూ దాని మీదే కొట్టుకునేవాళ్లం" అంది.

ఇది ఆయనకి మెసేజ్ పెడదామని కూర్చుని అరగంటయింది. నవారుని ఇంగ్లీషులో ఏమనాలో తెలియక మూడుసార్లు రాసి కొట్టేశాను. ఆఖరికి కాయితం మీద మంచం బొమ్మ గీసి, పట్టీలు అడ్డంగా నిలువుగా అల్లి, ఫోటో తీసి పంపించా. బొమ్మ ఘోరంగా వచ్చింది. ఆయన ఇంకా మేలుకునే ఉన్నట్టున్నాడు, చూసినట్టు టిక్కులు పడ్డాయి.