చేతి మీద చవక

మా అమ్మ పేరు శాంతి. బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నప్పుడు వైజాగ్‌లో ఓ టాటూ షాపుకెళ్లి శాంతి అని జపాన్ అక్షరాల్లో వెయ్యమన్నా, అతను ఫోన్లో ఏదో వెతికి ఆరు గీతల అక్షరం ఒక్కటి మోచేతి కింద దించేశాడు. తెలుగులో వేయించుకుంటే అమ్మ చదివేసి చీపురు తిరగేస్తుందని భయం, అదీ అసలు సంగతి. జపాన్ వస్తానని అప్పటికి కల్లో కూడా లేదు.

మూడేళ్లకి ఐచిలో కారు పార్ట్స్ ఫ్యాక్టరీలో వచ్చి పడ్డా. మొదటి ఆదివారం సూపర్‌మార్కెట్‌కి వెళ్తే ఉల్లిపాయల మీద, గుడ్ల మీద, ఎక్కడ చూసినా ఎర్ర రంగులో నా అక్షరమే! ఎంత మురిసిపోయానో, ఈ దేశంలో ఉల్లిపాయలక్కూడా శాంతే అనుకుని. పక్కనున్న రూమ్మేట్ అన్న, జపనీస్ భాషా పరీక్షలో ఎన్3 లెవెల్ పాసైనోడు, నవ్వాపుకోలేక "ఒరేయ్, దాని పక్కన చిన్న 'ఇ' చేరిస్తే యాసుయ్ రా, చవక అని" అన్నాడు. మూడేళ్లుగా చేతికి డిస్కౌంట్ బోర్డు కట్టుకు తిరిగానన్నమాట.

సరే నేనొక్కణ్ణే కాదులే, 2019లో అరియానా గ్రాండే తన సెవెన్ రింగ్స్ పాట పేరు అరచేతిలో వేయించుకుంటే అది షిచిరిన్ అయి కూర్చుంది, అంటే బొగ్గుల కుంపటి. విడివిడిగా ఏడూ ఉంది, రింగూ ఉంది, కలిపితే కుంపటి.

ఫ్యాక్టరీలో మా హాంచో, అంటే మా గ్రూపు లీడరు, నా చెయ్యి చూసి గోడ మీద ఆకుపచ్చ ప్లస్ గుర్తు ఉన్న బోర్డు చూపించాడు. ఆన్‌జెన్ దాయిఇచి, సేఫ్టీ ఫస్ట్. అందులో మొదటి అక్షరం నాదే! తర్వాత చెక్‌షీట్ వెనక పెన్సిల్‌తో గీశాడు, పైన ఇంటికప్పు, కింద ఆడమనిషి, అదే ఈ కాంజీ, అంటే అర్థాన్ని బట్టి రాసే అక్షరం, నిశ్చింత అని. దాన్నే మన డాక్టర్ల రాతలా గబగబా గిలికితే హిరగానలో, అంటే శబ్దాన్ని బట్టి రాసే వాళ్ల ఇంకో లిపిలో, మొదటి అక్షరం వచ్చింది, దాన్ని పలికేది అచ్చం మన "అ". నేను నోరు తెరుచుకుని చూస్తుంటే "రేపట్నుంచి ఆర్మ్ కవర్ వేసుకో" అని వెళ్లిపోయాడు.

ఇక్కడ టాటూ అంటే యాకూజా, అంటే ఇక్కడి మాఫియా ముఠాలు, గుర్తొస్తారు జనానికి. 1872లో నిషేధించి 1948లో ఎత్తేశారు గానీ పెద్దాళ్ల మనసుల్లోంచి ఇంకా ఎత్తలేదు. డిసెంబర్లో కంపెనీ టూర్‌కి ఆన్‌సెన్‌కి, అంటే వేడినీటి బుగ్గల స్నానశాలకి వెళ్తే వాకిట్లోనే టాటూ ఉంటే రావద్దని బోర్డు, రిసెప్షన్‌లో అడిగితే కప్పుకుంటే పర్లేదన్నారు. చర్మం రంగు స్టిక్కర్ అంటించుకుని దిగా, వేడినీళ్లకి దాని మూల లేచిపోతుంటే అరగంట సేపు అరచేత్తో నొక్కిపట్టుకుని కూర్చున్నా, అందరూ చెయ్యి విరిగిందా అని అడగడం.

ఆ రాత్రి వీడియో కాల్లో అమ్మ చూడనే చూసింది.

"చేతి మీద అదేంటి నాన్నా?"

"నీ పేరేనమ్మా."

"ఏదీ, చదువు."

ఏం చెప్పాలో తోచక "అ" అన్నా.

"శాంతిలో అ ఎక్కడుందిరా?" అంది.