మధ్యలో శబరి కలిస్తే?

మాది కోనసీమలో ఒక లంక ఊరు. గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, నాన్న రేవు మెట్ల మీద సుద్దముక్కతో గీత గీసి, గంటకోసారి వెళ్ళి అది మునిగిందో లేదో చూసొస్తారు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజని ఆయన లెక్క.

ఇంగ్లండులో నేను చేసేదీ అలాంటి పనే. సూర్యుడి నుంచి ఎగసిపడే ప్లాస్మా మేఘాలు భూమికి ఎప్పుడొస్తాయో చూడాలి. చుట్టాలకి మాత్రం సాఫ్ట్‌వేర్ అని చెప్పేస్తాను, ఇక ఎదురు ప్రశ్నలుండవు. దూరం వచ్చేకొద్దీ మేఘం పలచబడి, స్క్రీన్ మీద తడిగుడ్డతో తుడిచిన మరకలా మిగులుతుంది. ఒక ఫొటోలోంచి దాని ముందు ఫొటోని తీసేసి చూస్తేగాని అంచు దొరకదు.

మొదటి ఏడాదే పరువు పోయింది. సెకనుకి 1,500 కిలోమీటర్ల వేగంతో బయల్దేరిన మేఘం రాత్రికి వచ్చేస్తుందని రాశాను. అది మర్నాడు మధ్యాహ్నం తీరిగ్గా వచ్చింది. బయల్దేరిన వేగమే చివరిదాకా ఉంటుందనుకోవడం నా తప్పు. సూర్యుడి నుంచి ఎప్పుడూ వచ్చే కణాల ప్రవాహం, అదే సౌరగాలి, మామూలుగా సెకనుకి 400 కిలోమీటర్ల చొప్పున వీస్తుంటుంది. తనకంటే జోరుగా వచ్చేదాన్ని వెనక్కి లాగుతుంది, నెమ్మదిగా వచ్చేదాన్ని ముందుకి ఈడ్చుకుపోతుంది. పది గంటలు అటూ ఇటూ అవడం ఈ పనిలో మామూలే. ఆ రోజు ఆఫీసులో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా నాలుగు కేకలేసుంటే నిద్రయినా పట్టేది.

ఫోన్లో నాన్నకి చెబితే అంతా విని, "మరి మధ్యలో శబరి కలిస్తే ఏం చేస్తారమ్మా?" అన్నారు. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర గోదారిలో కలిసే శబరి నది పోటెత్తితే భద్రాచలం అడుగులు చూసి లాభం లేదు మరి.

2024 మేలో సరిగ్గా అదే అయింది. 13న పోలింగ్, ఓటుకి రమ్మని ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. టికెట్ రేటు చూసి ఆగిపోయాను. 8వ తేదీ నుంచి సూర్యుడి మీది ఒకే మచ్చల గుంపులోంచి మేఘాలు వరసకట్టాయి, కనీసం ఐదు మన వైపే. ముందు వెళ్ళినవి దారి ఊడ్చిపెడితే వెనకవి వాటిని అందుకుని కలిసిపోయాయి. ఏది ఎవరి అంచో తేల్చుకోలేక కళ్ళు మండిపోయాయి.

పైగా మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే భూమి అయస్కాంత క్షేత్రంలో పెద్ద తుఫాను. ఆ సంగతి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కాపలా ఉన్న ఉపగ్రహాలకి తగిలాకే తెలిసేది. మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆదిత్య ఉన్నదీ అక్కడే. అప్పటికి మాకు మిగిలేది గంటలోపు. ధవళేశ్వరం వాళ్ళకున్న రోజు టైము మాకు లేదు.

10వ తేదీ సాయంత్రం వచ్చి పడింది. 2003 తర్వాత మళ్ళీ అప్పుడే జీ5 స్థాయి, ఈ తుఫానుల కొలతలో అన్నిటికంటే పైది. రాత్రి కార్ పార్కింగ్‌లో నిలబడితే నెత్తిమీద ఆకాశం గులాబీ రంగులో ఉంది. ఫొటో తీసి నాన్నకి పంపాను.

తెల్లారి లేచి ఫోన్ చేశారు. "ఇది ఎన్నో నంబరు హెచ్చరికమ్మా?"

"ఐదు నాన్నా."

"అమ్మో, మనకి మూడుకే వీధరుగు మునిగిపోద్ది కదా," అన్నారు.