నిద్ర వస్తే కారు ఎక్కడ ఆపాలి?

మావాడు అరిజోనాలో చదువుతున్నాడు. సెలవులకి కాలిఫోర్నియాలో మా ఇంటికి కారులోనే వస్తాడు. "నిద్ర ముంచుకొస్తే ఆపి పడుకో నాన్నా" అంటే సరిపోదు, ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ఏ డాబా ముందో ఆపి సీటు వాల్చుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ రాష్ట్రానికో రూలు. హైవే రెస్ట్ ఏరియాలో కాలిఫోర్నియా 8 గంటలు ఉండనిస్తుంది, టెక్సస్ 24, ఫ్లోరిడా 3 గంటలే. వాల్‌మార్ట్ పార్కింగ్ ప్రైవేటు స్థలం కాబట్టి ఆ స్టోర్ మేనేజర్ ఒప్పుకోవాలి. వీధుల్లో ఏ ఊరి రూలు ఆ ఊరిదే. బహిరంగ స్థలాల్లో మకాం వేసేవాళ్ల మీద ఊళ్లు చర్య తీసుకోవడం రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్ష కిందికి రాదని 2024 జూన్‌లో, ఆరెగాన్‌లోని గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో, అమెరికా సుప్రీంకోర్టు కూడా తీర్పిచ్చింది.

ఇవన్నీ పిల్లలు ఫోన్‌లో చూసుకోగలరు. నేను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడింది మందు గురించి. మన ఇళ్లల్లో ఆ మాటే ఎత్తరు. "వాడు తాగుతాడని నువ్వే అనుకుంటే ఎలా?" అని మావారు నొచ్చుకున్నారు. కానీ ఏ పార్టీలోనో కాస్త తాగిన పిల్లాడు, బుద్ధిగా, బండి నడపకుండా కారులోనే పడుకున్నాడనుకోండి. డ్రైవర్ సీట్లో, తాళం చేతికి అందేలా ఉంటే చాలా రాష్ట్రాల్లో డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసు, పెట్టవచ్చు, కారు అంగుళం కదలకపోయినా సరే. కాలిఫోర్నియాలో బండి నడిపినట్టు ఆధారం కావాలి. అరిజోనాలో అది అక్కర్లేదు, బండి వాడి అదుపులో ఉందని తేలితే చాలు.

మావాడికి 21 నిండాక, తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద పిల్లలకి వచ్చే హెచ్4 పోయి, విద్యార్థి వీసా ఎఫ్1 వచ్చింది. డీయూఐలో అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేయవచ్చు. ఇక్కడే పుట్టిన స్నేహితుడికి కోర్టు వేసే శిక్షతో పోయేది వీడి చదువుకే ఎసరు పెట్టొచ్చు. ఈ తేడా పిల్లలకి వాళ్ల స్నేహితులు చెప్పరు. మనమే చెప్పాలి.

పోలీసు అద్దం తడితే చేతులు కనబడేలా ఉంచమని, అడక్కుండా గ్లవ్ బాక్స్ తెరవొద్దని కూడా చెప్పాను.

వాడు అంతా విని, "అంత రాత్రి ఊబర్‌కి చాలా అవుతుందమ్మా" అన్నాడు. నా కార్డు వాడి యాప్‌లో పెట్టించాను. ఎందుకు తాగావని ఆ రాత్రి అడగనని మాటిచ్చాను. వాళ్ల నాన్న చేత కూడా ఇప్పించాను.